పెన్న ఇసుక క్రింద రేనాడు

ప్రాచీన శిథిలములను చూచుటకై ఎడారి త్రోవ పట్టుట అనగానే తెలుగు పాఠకుని ఊహ సూటిగా ఈజిప్టునకు పోవును. హైదరాబాదు పబ్లిక్ గార్డెన్సు మ్యూజియములో గాజుపెట్టెలోని మమ్మీని చిన్ననాట చూచినవారికి, పాఠ్యపుస్తకములోని పిరమిడ్ల బొమ్మను కన్నార్పక తిలకించినవారికి అది సహజమే. నైలునదీ తీరమున అబూ సింబెల్ కొండగుడి శతాబ్దుల తరబడి ఇసుకలో మునిగియుండగా 1813లో బుర్ఖార్ట్ అను స్విస్ యాత్రికుడు మేటపైకి తేలిన విగ్రహభాగములను కనుగొనుటయు, 1817లో బెల్జోనీ ఇసుక తోడించి గర్భములోనికి ప్రవేశించుటయు మనము కథలుగా చదువుకొన్నాము. కాని నది ఎండి, ఇసుక మేటలు వేసి, ఆ మేటల క్రింద ఒక చక్రవర్తి చేయించిన స్నానపీఠమును, ఒక దండనాయకుని స్మారకశాసనమును, ఒక మతముయొక్క సమస్త వైభవమును దాగియుండి, 20వ శతాబ్ది ఆరంభమున గునపముల దెబ్బకు వెలుగు చూచిన కథ మన కడప జిల్లాలోనే, ప్రొద్దుటూరులో బయలుదేరినవాడు కాఫీ వేళకు చేరుకొనగలిగినంత చేరువలోనే జరిగినదని ఎందరికి తెలియును?

కడపసీమ శాస్త్రార్థమున ఎడారి కాదు. నల్లరేగడి చేలలో శనగయు, జొన్నయు, పత్తియు పండును. కేసీ కాలువ క్రింద వరి పచ్చగా నిలుచును. అయినను వైశాఖమాసమున ఎర్రగుంట్ల మొదలు ముద్దనూరు దాక రోడ్డు వెంట పోవువానికి, నాపరాతి గనుల చుట్టు గుట్టలుగా పడియున్న బండముక్కలును, పొలముల గట్లపై కంచెలుగా నిలువున పాతిన నల్లబండలును, తుమ్మచెట్ల అరకొర నీడలో ఒకదాని పొట్ట క్రింద ఒకటి తల దూర్చి నిలిచిన గొర్రెలును తప్ప కంటికి ఆననప్పుడు, మరుభూమి అను మాట నోట రాక మానదు. నంది కొండలలో పుట్టి 597 కిలోమీటర్లు నడచి సముద్రమును చేరు పెన్న ఈ భాగమున ఏటిలో పెక్కునెలలు నీటికంటె ఇసుకనే ఎక్కువగా చూపును. 7వ శతాబ్ది నడుమ దక్షిణాపథమున సంచరించిన చైనా యాత్రికుడు హుయాన్‌త్సాంగ్ ‘చుళియ’ అను దేశమును గూర్చి వ్రాయుచు, అచ్చట జనము తక్కువయనియు, అడవియు చిత్తడియు ఎక్కువయనియు, దొంగలు బాహాటముగా తిరుగుదురనియు చెప్పెను. ఆ దేశము రేనాటి చోళులు ఏలిన ఈ సీమయేయని చరిత్రకారులు పలువురు తలంచినారు. పరదేశి కంటికి పాడునేలగా కనబడిన ఆ సీమయందే, అతని రాకకు రెండు మూడు తరములకు పూర్వమే, తెలుగుభాష రాతికెక్కియుండెను. ఈ వ్యాసమునకు మూలము ఆ ఒక్క సంగతియే.

మా ప్రయాణము చెన్నూరులో, పెన్నపై వంతెన యొద్ద, తెల్లవారుజామున ఆరంభమైనది. కడప నుండి కర్నూలు పోవు లారీలు ఎడతెరపి లేక ఊగించు ఆ వంతెనమీద నిలిచి క్రిందికి చూచిన, ఇసుక నడుమ సన్నని నీటిపాయ ప్రక్క ఎనుములు పడుకొనియుండును. ఈ ఒడ్డుననే ఒకప్పుడు వజ్రపు గనులుండెడివి. 19వ శతాబ్దమున ఇంగ్లీషువారు వ్రాసిన భూగర్భశాస్త్ర గ్రంథములందు చెన్నూరు వజ్రముల ప్రస్తావన మాటిమాటికిని వచ్చును. గులకరాళ్ల పొరలో గోతులు త్రవ్వి, ఆ మన్ను కడిగి, ఎండలో పరచి, కూలివాండ్రు బారులు తీరి కూర్చుండి చేతితో ఏరెడివారు. ఆ గోతులు పూడిపోయినవి. ఇప్పుడు చెన్నూరువారికి పెన్నలో విలువైనది ఇసుకయే.

ఏటి వెంట ఎగువకు పోయిన పుష్పగిరి. పెన్న, పాపఘ్ని, కుముద్వతి, వల్కల, మాండవి అను అయిదేరుల సంగమముగా దీనిని పురాణము కొనియాడును. ఇవతలి ఒడ్డున ఊరును వైద్యనాథేశ్వరుని గుడియు, అవతలి ఒడ్డున కొండవాలున చెన్నకేశవుని గుడియు, నడుమ ఇసుక. నీరు లేని దినములలో భక్తులు చెప్పులు చేతబట్టుకొని ఇసుకలోనే నడచి దాటుదురు. చెన్నకేశవాలయపు వెలిగోడలమీద కిరాతార్జునీయ ఘట్టమును చెక్కిన శిల్పి చేతివాటమును నేను వర్ణింపజాలను. అర్జునుని తపస్సు ఒక పలకలో, పందికై తగవు వేరొక పలకలో, ద్వంద్వయుద్ధము మరొక దానిలో, ఇట్లు బొమ్మల వెంట నడచిన అక్షరము రాని గొల్లపిల్లవానికిని కథ తెలియును. ఎండలో ఆ రాయి కాలుచుండగా అరచేయి ఆనించి, గోరుమందపు గాడిలో మలచిన విల్లుతాటిని తడిమి చూచినప్పుడు, మరల ఒకసారి మొదటినుండి చూడవలెనని అనిపించినది, చూచితిమి.

వల్లూరు దారిలోనే కలదు. కాకతీయ గణపతిదేవుని కొలువులో ఎదిగిన కాయస్థ నాయకులు గంగయసాహిణి, త్రిపురారి, అంబదేవుడు ఈ వల్లూరు రాజధానిగా విశాలమైన సీమను ఏలిరి. అంబదేవుడు రుద్రమదేవిని ఎదిరించి స్వతంత్రుడై, 1290లో త్రిపురాంతకమున తన విజయములను శాసనముగా చెక్కించెను. అంతటి రాజధానిలో నేడు నిలిచి చూడదగినది స్వల్పము గనుక మేము ఆగలేదు.

కమలాపురము, ఎర్రగుంట్ల దాటి కలమళ్ళకు పోవువానికి ఊరికంటె ముందుగా కనబడునవి రాయలసీమ థర్మల్ విద్యుత్కేంద్రపు పొగగొట్టములు. 1994 నుండి ఆ కేంద్రము సీమకు దీపములు వెలిగించుచున్నది. దాని నీడలోనని చెప్పదగినంత దగ్గరలో, చెన్నకేశవ సిద్ధేశ్వరస్వామి గుడి ఆవరణలో, విరిగిన ఒక రాతికంబము కలదు. క్రీ.శ. 575 ప్రాంతమున ఎరికల్ ముత్తురాజు ధనంజయుడు రేనాటిని ఏలుచుండగా వేయించిన శాసనమది. సంపూర్ణముగా తెలుగున వెలసిన శాసనములలో మొదటిదని పండితులు దానిని గుర్తించిరి. దానికి పూర్వము తెలుగునేలపై రాజులు శాసనములు వేయించక పోలేదు. శాతవాహనులు, ఇక్ష్వాకులు ప్రాకృతమున, పల్లవులు, విష్ణుకుండినులు సంస్కృతమున వేయించిరి. కరికాలచోళుని వంశమువారమని చెప్పుకొనిన ఈ చిన్నరాజులు, ఈ బండలసీమలో, ఊరిజనులు మాటలాడు భాషనే రాతికి తగినదని తలంచిరి. కమలాపురము చెంత ఎర్రగుడిపాడులోను, సిమెంటు కర్మాగారపు ధూళి పడు చిలమకూరులోను ఆ వంశపువారి తొలి శాసనములే కలవు. ఒక్క పూటలో చుట్టివచ్చునంత మేరలో మన భాషకు ఇన్ని తొలి ఆనవాళ్లు మరెచ్చటను లేవు.

గుడి అర్చకుడు మమ్ము చూడగానే సంగతి గ్రహించినాడు.

“శాసనం చూసేదానికి వచ్చినారా సామీ? రాండి. దేవుని కోసరం వచ్చేవాళ్లు దినామూ ఉంటారు, దీని కోసరం వచ్చేవాళ్లు ఎప్పుడో ఒకరు.”

మా వెంట వచ్చిన చరిత్రోపాధ్యాయుడు కంబము ప్రక్క చతికిలబడి, ముఖము రాతికి దగ్గరగా చేర్చి, తన తువ్వాలుతో ఒకవైపు వెలుతురును అడ్డగించినాడు. అంతవరకు గీతలుగా కనబడినవి అక్షరములైనవి. తలకట్టు అప్పటికి పూర్తిగా రూపు దాల్చలేదు. గుండ్రదనము మాత్రము మనదే. ‘చోఴ’ శబ్దములోని ఆ మూర్ధన్య ఴకారమునకు నాటి రేనాటి శాసనములలో ప్రత్యేకమైన లిపిరూపముండెను. తరువాతి కాలమున ఆ ధ్వనియు, ఆ అక్షరమును తెలుగును విడిచిపోయినవి. పండితులు ఇటువంటి రాతలను ప్రతి తీయు విధమును ఆయన మాకు అభినయించి చూపినాడు: రాతిని కడిగి, తడిపిన కాగితమును అతికించి, కుచ్చుతో కొట్టి అక్షరముల గాళ్లలోనికి దించి, ఆరినపిదప పైన సిరాపొత్తి తాటించిన, నల్లని నేలమీద తెల్లని అక్షరములు లేచి నిలుచును. అట్లు తీసిన ప్రతులను పరిష్కరించి నీలకంఠశాస్త్రిగారును, ఎం. వెంకటరామయ్యగారును రేనాటి చోళుల శాసనములను ఎపిగ్రాఫియా ఇండికా 27వ సంపుటమున ప్రకటించిరి. 2008లో తెలుగునకు ప్రాచీనభాషా ప్రతిపత్తి లభించినప్పుడు ఊరూర సభలు జరిగినవి. ఆ సభలలో మాటలాడినవారు ఒక్కసారియైన ఈ కంబమెదుట నిలువవలసియుండెనని నా దృఢమైన అభిప్రాయము.

ప్రొద్దుటూరు చేరుసరికి ఎండ ముదిరినది. బంగారమునకును, బట్టలకును పేరుపడిన ఈ పట్టణమున యాత్రికునికి ముందుగా తోచునది ఆకలి. కారము పూసిన దోసెయు, ఉగ్గాని బజ్జియు, చెనిక్కాయల ఊరిబిండియు పెట్టిన చిన్న హోటలులో, మేము పోవుచున్న చోటి పేరు వినిన యజమాని, “దానవులపాడా? ఆడేముంది సార్, గండికోటకు పోండి” అని హితవు చెప్పినాడు. జిల్లా అంతట వినవచ్చు మాటయే ఇది.

దానవులపాడు పెన్నకు ఎడమ ఒడ్డున ఉన్నది. దేవగుడి పొరుగూరు. 20వ శతాబ్ది తొలి సంవత్సరములలో పురావస్తుశాఖాధికారి అలెగ్జాండర్ రీ ఇచ్చట ఇసుకదిబ్బను త్రవ్వించినప్పుడు, ఇటుకలతో కట్టిన ఒక గదియు, అందు సర్పఫణముల క్రింద నిలిచిన పార్శ్వనాథుని నిలువెత్తు ప్రతిమయు, నలువైపుల తీర్థంకరులు గల చతుర్ముఖ శిల్పమును, శాసనములతో కూడిన పీఠములును, నిసిధులును బయటపడినవి. నిసిధి యనగా జైనవ్రతమున ఆహారమును విడిచి దేహత్యాగము చేసినవారికై నిలిపిన స్మారకశిల. ఒకనాడు ఇది ఎట్టి పుణ్యస్థలమో ఆ రాళ్లు చెప్పుచున్నవి. మరణమును కోరి వరించుటకు యోగ్యమని శ్రావకులు తలంచిన నదీతీరమిది.

అందు రెండు శాసనములను గూర్చి కొంచెము నిదానించి చెప్పవలెను. ఒకటి, శాంతినాథ తీర్థంకరుని అభిషేకోత్సవమునకై నిత్యవర్షుడు చేయించిన రాతిపీఠము మీదిది. నిత్యవర్షుడనగా రాష్ట్రకూట చక్రవర్తి మూడవ ఇంద్రుడు. 10వ శతాబ్ది తొలిపాదమున ఉత్తరాపథము మీదికి దండెత్తి కన్యాకుబ్జమును గెలిచిన వీరుడు. అట్టివాడు ఈ పెన్న ఒడ్డున ఒక జినబింబమునకు నీరు పోయుటకై రాయి చెక్కించెను. రెండవది, ఆ చక్రవర్తి దండనాయకుడు శ్రీవిజయుని స్మారకశాసనము. బలికులమునకు చెందిన ఈ సేనాని యుద్ధములందెంత దిట్టయో కవిత్వమునందు అంత దిట్టయై ‘అనుపమకవి’ అను బిరుదు వహించెను. తుదకు సిరిని, కత్తిని, సమస్తమును విడిచి సన్యసనవ్రతమున తనువు చాలించెను. ఈ శాసనములు కన్నడ, సంస్కృత భాషలలోనివి. తెలుగు, కన్నడములు అప్పటికి ఒక్క లిపిలోనే ఇరుగుపొరుగులుగా నివసించుచుండెను గనుక రేనాటి జనులకు అవి పరాయివి కావు.

మేము పోయిన వేళ నదివైపునుండి వడగాలి లేచినది. శిథిలమైన గోడ అంచున గడ్డి దుబ్బులమధ్య మోకాళ్లపై వంగి చూడగా ఇటుకలు కనబడినవి. నేటి ఇటుకకంటె వెడల్పుగా, పలుచగా, అంచులు అరిగి, రెండింటి నడుమ సందులలో చక్కెరవంటి సన్నని ఇసుక నిండియున్నది. చిటికెనవ్రేలితో ఒక సందును శుభ్రము చేసితిని; క్షణకాలములో గాలి దానిని మరల నింపినది. అచ్చట గొర్రెలు మేపుచున్న ముదుసలి కర్రకు గడ్డమానించి మమ్ము చాలసేపు పరిశీలించి, తానే పలుకరించినాడు.

“యా ఊరు నాయనా మీది? ఆ బొమ్మలన్నీ ఎప్పుడో ఎత్తకపాయిరి. ఇంగ ఈడ మిగిలిండేది ఈ గోడలే. గాలి లేచ్చే ఇసుక మళ్లా కప్పేచ్చాది.”

“కప్పిన నష్టమేమి తాతా?” అని మా ఉపాధ్యాయుడు అడిగినాడు.

“నట్టమేముంది? కప్పిండబట్టే కదా ఇన్నాళ్లు నిలిచిండె.”

ఆ వృద్ధుని మాట అక్షరాల సత్యము. పురావస్తు శాస్త్రజ్ఞులు త్రవ్విన చోటును పరిశీలించిన పిదప కొన్నియెడల తిరిగి మన్నుతో పూడ్చుట ఈ హేతువుచేతనే. ఈజిప్టు గుడుల రంగులను నిలిపినది ఇసుకయే. దానవులపాటి తీర్థంకరుల చెక్కిళ్ల నునుపును నిలిపినదియు ఇసుకయే. అయితే ఆయన చెప్పిన మొదటి మాట నా మనస్సును నొప్పించినది. ఇచ్చట దొరకిన మేలి శిల్పములలో కొన్ని చెన్నై ఎగ్మూరు మ్యూజియమునకు చేరి అచ్చట భద్రముగా ఉన్నవి. మరికొన్నిటిని కడపలోని భగవాన్ మహావీర్ ప్రభుత్వ ప్రదర్శనశాలలో చూడవచ్చును. భద్రత ముఖ్యమే, కాదనను. కాని పార్శ్వనాథుని ముఖము మద్రాసులో, ఆయన కాళ్లకు ఒరసి పారిన యేరు జమ్మలమడుగులో ఉండగా, చూచువాడు ఏ చోట నిలిచినను సగమే చూచుచున్నాడు.

గండికోటను గూర్చి నేను విస్తరించి వ్రాయను. ప్రతి వారాంతమునను బెంగుళూరు, హైదరాబాదుల నుండి కార్లు బారులు తీరి వచ్చుచున్నవి. ఎర్రమల కొండలను పెన్న నిలువునా కోసిన ఆ లోయ అంచున కూర్చుండి సూర్యోదయమును ఫోటో తీసుకొని మరలిపోవువారు, వెనుకకు తిరిగి మాధవరాయల గుడియొక్క గోపురమును, జుమ్మామసీదును, మహమ్మదీయ ప్రభువుల కాలమున పేరుమోసిన ధాన్యాగారమును కూడ చూడవలెనని మాత్రము కోరుదును. పెమ్మసానివారి ఈ దుర్గమును గోల్కొండ సేనాని మీర్‌జుమ్లా గెలిచిన కొలదికాలమునకు, 1652లో, ఫ్రెంచి రత్నవర్తకుడు తవెర్నియే ఇచ్చటికి వచ్చి ఆయనను దర్శించెను. గుడులలోని లోహవిగ్రహములను కరగించి ఫిరంగులు పోయించుటకై ఒక ఫ్రెంచివానిని నియమించిరనియు, గండికోట గుడి విగ్రహములు మాత్రము ఎంత కాచినను కరగలేదనియు ఆయన వ్రాసిపెట్టెను. దాని నిజానిజములు ఎట్లున్నను ఆ కథ మూడున్నర శతాబ్దులకు పైగా బ్రతికియున్నది.

కోటకు ఎగువన కట్టిన గండికోట జలాశయపు సామర్థ్యము 26.85 టీఎంసీలు. ఎండిన సీమకు ఆ నీరు అమృతము. దానిని కాదనువాడు ఈ సీమ మేలు కోరువాడు కాడు. దానికై తాళ్లప్రొద్దుటూరు మొదలగు ఊళ్లు ఊళ్లే లేచిపోయినవి. నైలుపై అస్వాన్ ఆనకట్ట కట్టునప్పుడు అబూ సింబెల్ మునుగకుండ 1964 మొదలు 1968 వరకు కొండనే రంపములతో కోసి 65 మీటర్ల ఎత్తునకు చేర్చి మరల కూర్చిరి; మన శ్రీశైలము నీటిలో మునుగవలసిన కూడలి సంగమేశ్వరాలయమును రాయి రాయి విప్పి ఆలంపురమున నిలిపిరి. రాతిగుడిని తరలింపవచ్చును. రచ్చబండను, ఊరిబావిని, ఊరిపేరుతో ముడిపడిన స్మృతులను తరలించు విద్య ఇంకను ఎవరికిని పట్టుబడలేదు. రెండువందల సంవత్సరముల క్రిందట కర్నల్ మెకంజీ మనుష్యులు కరణముల యొద్ద కూర్చుండి వ్రాయించిన గ్రామ కైఫియత్తులు, బ్రౌనుదొర తిరిగి ప్రతులు వ్రాయించి నిలుపుటవలన, నేటికి మనకు దక్కినవి. మునిగిన ఊళ్లకు నేడు కైఫియత్తులు వ్రాయవలసినవారము మనమే. ఆ ఊళ్ల పెద్దలు ఇంకను మనమధ్య ఉండగానే ఆ పని జరుగవలెను.

అచ్చటినుండి ముద్దనూరు మీదుగా పులివెందుల దారి పట్టితిమి. ముద్దనూరు చెంత చింతకుంటలో ఒక పెద్దగుండు కలదు; దాని పేరు ‘ఎద్దుల ఆవుల గుండు’. వంగి లోనికి పోయి, కన్నులు చీకటికి అలవడువరకు నిలిచిన, రాతికప్పుపై ఎర్రజేగురుతో గీసిన మూపురపుటెద్దులు, జింకలు, మనుష్యులు ఒక్కరొక్కరుగా గోచరించుదురు. అక్షరము పుట్టకమునుపటి చేతిపని అది. శాసనములకు పండితుడు కావలెను; ఈ గుండునకు పసులకాపరులే పేరు పెట్టినారు, పెట్టిన పేరు సరిగ్గా సరిపోయినది. వెలుపల చీనీతోటలకు బిందుసేద్యపు గొట్టములు పరచుచున్న యువకులు, “లోపల ఎద్దులు కనపచ్చిండాయా అన్నా?” అని మమ్ము అడిగినారు. ఆ ప్రశ్నలోని సొంతదనము నాకు మిక్కిలి సంతోషము కలిగించినది. పులివెందుల చేరుసరికి దీపములు పెట్టిరి. అరటిగెలల లారీలు సంతవైపు కదలుచున్నవి.

ఈ మార్గమంతయు పూర్వపు ఎడారి యాత్రలవలె దుర్గమము కాదు. చెన్నూరు మొదలు పులివెందుల వరకు తారురోడ్డే. కడపలోనో ప్రొద్దుటూరులోనో బస చేసికొనవచ్చును. కొరత త్రోవది కాదు, త్రోవ చూపువారిది. కలమళ్ళలో ఆ కంబముయొక్క నమూనాను, దాని పాఠమును, నేటి తెలుగున దాని అర్థమును పెద్ద అక్షరములతో గుడిముంగిట నిలుపవలెను. చెన్నైలోని దానవులపాటి శిల్పములను మరల అడిగి తెచ్చుట సాధ్యముగాకున్న, వాటి అచ్చుప్రతులనైన చేయించి పెన్న ఒడ్డున ఒక చిన్న మందిరములో ఉంచవలెను. జిల్లాలోని ఉన్నత పాఠశాలల పిల్లలను విహారయాత్ర పేరుతో వినోదపు పార్కులకు తీసికొనిపోవు బస్సులు ఏటికొక్కసారి ఎర్రగుడిపాడు, కలమళ్ళ, దానవులపాడు, చింతకుంట త్రోవన తిరిగిన చాలును. తెలుగువాచకములోని మొదటి పాఠము వారికి ఆ త్రోవనే దొరకును. ఇవి కోట్లు అవసరమగు పనులు కావు.

పాఠకులకు ఒక విన్నపము. మాఘ ఫాల్గుణములలో, ఎండ ముదరకముందు, బయలుదేరుడు. నీళ్లు వెంట నుంచుకొనుడు. గుండులోని బొమ్మలమీద నీళ్లు చల్లకుడు, చేయి పెట్టకుడు. తడిసిన కొలది ఆ జేగురు చెడును. శాసనపు అక్షరములు కనబడుటలేదని రాతిపై సుద్దముక్క రుద్దవలదు. ఉదయమునగాని, సాయంకాలముగాని, ఎండ ఏటవాలుగా పడు వేళ పోయిన, ధనంజయుని కాలపు తెలుగును సుద్ద లేకయే చదువవచ్చును.